పాఠం, పరీక్ష, ఉపాధ్యాయుడి పఠనం: తెలుగు బోధన సంస్కరణోద్యమం (1907–1920) – ఒక పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని తెలుగు సాహిత్య చరిత్రలు ప్రధానంగా శైలికి సంబంధించిన వివాదంగా చిత్రించాయి. కవులు, పండితులు, పత్రికా సంపాదకులు ఏ భాషలో రాయాలన్నదే దాని సారాంశమన్న అభిప్రాయం స్థిరపడింది. ఈ చిత్రణలో సత్యం ఉన్నది గానీ అది సంపూర్ణం కాదు. వివాదానికి బీజం పడింది కావ్యగోష్ఠిలో కాదు, పాఠశాలలో. దాన్ని మొదట లేవనెత్తినవారిలో ఒకరు పాఠశాలల ఇన్‌స్పెక్టరు, ఒకరు కళాశాల ప్రిన్సిపాలు, ఒకరు మూడు దశాబ్దాల అనుభవం గల బడిపంతులు. బడిలో పిల్లవాడికి తెలుగు ఎట్లా చెప్పాలన్నది వారి తొలి ప్రశ్న.

ఈ దృష్టితో చూసినప్పుడు 1907 నుంచి 1920 వరకు వెలువడిన కరపత్రాలను, విజ్ఞాపనలను, పత్రికలను సాహిత్య విమర్శగానే గాక, బోధనను మెరుగుపరచుకోవడానికి ఉపాధ్యాయుల ముందుంచిన పఠన సామగ్రిగా కూడా చదవవలసి ఉంటుంది. అట్లా చదివితే ఉద్యమం 1915లో ఎందుకు ఓడిపోయిందో, తర్వాత సాహిత్యంలో గెలిచినా తరగతి గదిలో ఆ గెలుపు ఎందుకు ఆలస్యమైందో కొంత తేటపడుతుంది. సంస్కర్తలు ఉపాధ్యాయుడికి అనుమతిని సంపాదించగలిగారు గానీ, ఆ అనుమతిని పాఠంగా మార్చుకోవడానికి కావలసిన పుస్తకాన్ని సకాలంలో అందించలేకపోయారన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఉపాధ్యాయుడి చేతిలోని పుస్తకాలు

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో తెలుగు పండితుడి వృత్తి పరికరాలను నిర్ణయించినవాడు పరవస్తు చిన్నయసూరి. 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం వెలువడ్డాయి. మొదటిది వచన రచనకు లక్ష్యం, రెండవది లక్షణం. పాఠం చెప్పేవాడికి ఈ జంట ఎంతో సౌకర్యమైనది. విద్యార్థి వాక్యం తప్పని చెప్పడానికి సూత్రం ఉన్నది, ఒప్పు ఎట్లా ఉంటుందో చూపడానికి ఉదాహరణ ఉన్నది. సంజ్ఞ, సంధి, తత్సమం మొదలుకొని క్రియ, కృదంతం వరకు పరిచ్ఛేదాలుగా అమర్చిన బాలవ్యాకరణం అధికారిక వ్యాకరణ గ్రంథమే కాదు, దాదాపు బోధన ప్రణాళిక కూడా. తర్వాతి కాలంలో దాని ప్రాబల్యానికి సూరి పాండిత్యం ఎంత కారణమో, ఆ బోధనానుకూలత కూడా అంతే కారణం.

ఇదే కాలంలో తెలుగు వ్యాకరణాలు మరొక వర్గం పాఠకుల కోసం కూడా వెలువడ్డాయి. సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణం 1840లో అచ్చయింది. మచిలీపట్నంలో మతప్రచారకుడిగా పనిచేసిన ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో క్రమానుగత వ్యాకరణాన్ని ప్రకటించాడు. వీటి పాఠకులు ఇంగ్లీషు తెలిసిన ఉద్యోగులు, మతప్రచారకులు. కచేరీలో, సంతలో, ప్రార్థనా మందిరంలో జనంతో మాట్లాడవలసినవారు కనుక వారికి వాడుకలోని క్రియారూపాలు అవసరమయ్యాయి. ఆర్డెన్ వ్యాకరణసమ్మతమైన రూపాలనూ వాడుక రూపాలనూ వేరుచేసి చూపాడు.

దీని ఫలితం విచిత్రమైనది. తెలుగు నేర్చుకొనే పరదేశికి సజీవ భాషను క్రమంగా బోధించే పుస్తకం ఉన్నది. తెలుగు మాతృభాషగా గల పిల్లవాడికి బోధించే ఉపాధ్యాయుడికి మాత్రం ఆ పిల్లవాడు మాట్లాడే భాషను గురించి ఒక్క మాటైనా గౌరవంగా చెప్పే వ్యాకరణం వ్యాప్తిలో లేదు. పిల్లవాడి నోటిమాట గ్రామ్యం. గ్రామ్యమన్న పేరు పెట్టిన తర్వాత దాన్ని పరిశీలించవలసిన పని ఉండదు, పరిహరించవలసిన పనే మిగులుతుంది.

ఇన్‌స్పెక్టరు ప్రశ్న

ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ భాషాబోధనలో ప్రత్యక్ష పద్ధతిని అభిమానించినవాడు. ఆ పద్ధతికి అప్పటికే ఐరోపాలో బలమైన భూమిక ఏర్పడింది. జర్మనీలో విల్‌హెల్మ్ ఫియెటర్ 1882లో భాషాబోధన మార్గం మార్చుకోవాలంటూ కరపత్రం ప్రకటించాడు. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లో భాషల ఆచరణాత్మక అధ్యయనంపై గ్రంథం రాశాడు. డెన్మార్కు పండితుడు ఓటో యెస్పర్సన్ భాషాబోధన గ్రంథం 1904లో ఇంగ్లీషులో వచ్చింది. వీరి సూచనలలో భేదాలున్నా మూలసూత్రం ఒకటే: భాష మొదట మాట, తర్వాత రాత. బోధన కూడా ఆ క్రమాన్నే అనుసరించాలి.

ఈ సూత్రాన్ని నమ్మినవాడికి తెలుగు తరగతి చిక్కు ప్రశ్నగా కనిపించడం సహజం. ఊళ్లో వినిపించే తెలుగుకూ, తరగతిలో చదివించే తెలుగుకూ ఇంత దూరం ఎందుకున్నదని యేట్స్ అడిగాడు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగర సంస్థానంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో ముఖ్యులు. గిడుగు వారికి 1907 నుంచి ఇది జీవితకాల వ్యాసంగమయింది. శ్రీనివాస అయ్యంగారు 1909లో దేశభాషల పక్షాన ఇంగ్లీషులో ప్రకటించిన విజ్ఞాపనకు చావా బ్రతుకా అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అదే సంవత్సరం కన్యాశుల్కం రెండవ కూర్పు వెలువడింది. ఒక విజ్ఞాపన, ఒక నాటకం ఏకకాలంలో ఒకే ప్రశ్నను రెండు చోట్ల నిలబెట్టాయి. నాటకాన్ని సాహిత్య చరిత్ర గుర్తుంచుకున్నది, విజ్ఞాపనను దాదాపు మరచిపోయింది.

తరగతిలోని మూడు భాషలు

సంస్కర్తల ఆందోళనను అర్థం చేసుకోవడానికి ఆనాటి తెలుగు పీరియడును ఊహించుకోవడం అవసరం. అక్కడ ఒకటి కాదు, మూడు భాషారూపాలు నడిచేవి. పుస్తకంలో చదివేది గ్రాంథికం. దాని అర్థం వివరించడానికి పంతులుగారు నోటితో చెప్పేది వ్యావహారికం. విద్యార్థి తిరిగి రాయవలసింది మళ్లీ గ్రాంథికం. అవగాహన జరిగేది మధ్య భాషలో, మార్కులు పడేవి చివరి భాషలో.

ఒక చిన్న ఉదాహరణ తీసుకోవచ్చు. పిల్లవాడి మనసులోని విషయం ఇది: “నిన్న మా ఊళ్లో వాన కురిసింది. చెరువు నిండింది. మేం చూడ్డానికి వెళ్లాం.” ఇదే కాగితం మీదికి రావలసిన రూపం: “నిన్న మాయూర వాన గురిసెను. చెరువు నిండెను. మేము చూచుటకుఁ బోయితిమి.” ఈ మూడు వాక్యాలకు విద్యార్థి యడాగమం, గసడదవాదేశం, సరళాదేశం, అర్ధానుస్వారం తెలుసుకొని ఉండాలి. ‘కురిసింది’, ‘నిండింది’, ‘వెళ్లాం’ అన్న రూపాలను విడిచిపెట్టాలి. వాన ఎంతసేపు కురిసింది, చెరువుగట్టు మీద ఏం చూశాడు అన్నవి చెప్పవలసిన చోట అతని శ్రద్ధంతా అరసున్న ఎక్కడ పెట్టాలన్న దాని మీద నిలుస్తుంది. పంతులుగారి ఎర్రసిరా కూడా అక్కడే ఖర్చవుతుంది. రచనాబోధన ఆలోచనకు శిక్షణ కాకుండా రూపాల దిద్దుబాటుగా మిగులుతుంది.

గిడుగు వారి వాదంలో పదునైన భాగం ఈ దిద్దుబాటుకు సంబంధించినదే. దిద్దేవారికి ఆ భాష నిర్దుష్టంగా వచ్చునా అని ఆయన అడిగారు. గ్రాంథికం తప్ప మరొకటి రాయరాదన్న పండితుల రచనల నుంచే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ఏరి చూపారు. ప్రాచీన కవుల ప్రయోగాలకూ బాలవ్యాకరణ సూత్రాలకూ పొసగని చోట్లను పట్టికలుగా వేశారు. తర్వాత వెలువడిన బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం ఈ పనికి విస్తరణలే. వీటిని వాదప్రతివాదాలుగా మాత్రమే చదివితే ఎత్తిపొడుపే కనిపిస్తుంది. ఉపాధ్యాయుడి పక్షం నుంచి చదివితే మరొక అర్థం తోస్తుంది: గురువుకే వశం కాని రూపాన్ని శిష్యుడి వద్ద ఆశించే బోధన న్యాయమైనది కాదు.

ఉత్తర్వు, దాని వెంట వచ్చిన లక్ష్య గ్రంథాలు

తరగతిని శాసించేది పరీక్ష అన్న సంగతి సంస్కర్తలకు బాగా తెలుసు. వారి ప్రయత్నాలు పరీక్షాధికారుల వైపు సాగాయి. 1912–13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చునని బోర్డు కార్యదర్శి స్టోన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆధునిక భాషకు లక్ష్యంగా బ్రౌన్, ఆర్డెన్ వ్యాకరణాలను, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను పేర్కొన్నాడు.

ఈ మూడు పేర్లు చరిత్రకారులు సాధారణంగా దాటిపోయే వివరం. ఉపాధ్యాయుల పఠనం దృష్ట్యా ఇదే కీలకం. ఒక రాష్ట్రస్థాయి పరీక్షాసంఘం తెలుగు ఉపాధ్యాయులకు సూచించిన ఆధునిక భాషా పఠన జాబితా ఇది. ఇందులో రెండు పుస్తకాలు ఇంగ్లీషు ద్వారా తెలుగు నేర్చుకొనేవారి కోసం ఇంగ్లీషులో రాసినవి. వాటి ఉదాహరణలను, వివరణలను అందుకోవాలంటే తెలుగు పండితుడికి ఇంగ్లీషు రావాలి. సంస్కృతాంధ్రాలలో మాత్రమే పాండిత్యం గల భాషా బోధకులకు అవి అందుబాటులో ఉన్నట్టు కాదు. మూడవది 1830–31 నాటి యాత్రకు సంబంధించిన దినచర్య. మిత్రుడికి రాసిన లేఖల రూపంలో సాగి, 1838లో అచ్చయింది. సుంకాలు, సత్రాలు, నదుల రేవులు, వంట చెరకు ధరలు వంటి లోకవ్యవహారాన్ని తడుముకోకుండా చెప్పిన ఆ వచనం వ్యావహారికం ప్రయోజనానికి చక్కని సాక్ష్యం. అయినా ఎనభై ఏళ్ల కిందటి ఒక మద్రాసు ఉద్యోగి వాడుకను 1912 నాటి గంజాం, గోదావరి విద్యార్థులకు మాదిరిగా పెట్టడంలో ఇబ్బంది స్పష్టమే.

ఈ మూడింటిలో ఒక్కటీ తెలుగు పిల్లవాడికి పాఠం చెప్పే ఉపాధ్యాయుడిని ఉద్దేశించి రాసింది కాదు. ‘వచ్చాడు’, ‘వచ్చినాడు’, ‘వచ్చిండు’ అన్న రూపాలలో దేన్ని అంగీకరించాలి, దేన్ని దిద్దాలి అన్న ప్రశ్నకు పంతులుగారు వీటిలో సమాధానం వెతుక్కోలేరు. ఎదుటి పక్షం చేతిలో మాత్రం బాలవ్యాకరణం ఉన్నది. సంస్కరణ వల్ల స్వేచ్ఛ వచ్చింది గానీ సాధనం రాలేదు. సాధనం లేని స్వేచ్ఛ బోధకుడికి ధైర్యాన్నివ్వదు, సంశయాన్నిస్తుంది.

ప్రతివాదంలోని బోధనాంశం

సంప్రదాయ పక్షాన్ని ఛాందసంగా మాత్రమే పరిగణించడం చరిత్రకు న్యాయం కాదు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు పూనుకున్న జయంతి రామయ్య పంతులు, వివాదం తీవ్రమైన 1913లో గ్రాంథిక సమర్థనగా ఇంగ్లీషులో గ్రంథం ప్రకటించారు. గిడుగు వారి ఆధునికాంధ్ర విజ్ఞాపన కూడా ఆ సంవత్సరానిదే. వేదం వేంకటరాయశాస్త్రి, వావిలకొలను సుబ్బారావు వంటి పండితులు సభలలో గ్రాంథిక పక్షాన నిలిచారు.

ఈ పక్షం వాదంలో కూడా బోధనకు సంబంధించిన ప్రశ్నలున్నాయి. వాడుక భాష జిల్లాకొక తీరుగా ఉన్నప్పుడు దేన్ని ప్రమాణంగా బోధించాలి? వాడుకలోనే రాసిన తరం ప్రాచీన కావ్యాలకు దూరమైపోదా? పరీక్షకుడు ఏ కొలబద్దతో మార్కులు వేయాలి? మొదటి ప్రశ్నకు శిష్టవ్యావహారికం అన్న సమాధానం వచ్చింది. అంటే చదువుకున్నవారు సాధారణంగా వాడే భాష. ఇది సాహిత్య రచనకు సరిపోయిన సమాధానం. కానీ బడిలో చేరిన మొదటి రోజే పిల్లవాడికి శిష్టుల వాడుక ఉండదు. అతని ఇంటి పలుకుబడికీ శిష్టవ్యావహారికానికీ మధ్య దూరాన్ని ఎట్లా దాటించాలో చెప్పవలసిన బాధ్యత సంస్కర్తల మీద ఉండింది. ఆ ప్రశ్న వివాదపు హోరులో వెనకబడింది.

మద్రాసు విశ్వవిద్యాలయపు వ్యాసరచన సంఘంలో సభ్యుడిగా గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఈ దశలో సంస్కరణ పక్షానికి చివరి పెద్ద ప్రయత్నం. సంఘంలో అధిక సంఖ్యాకుల అభిప్రాయం గ్రాంథికం వైపే మొగ్గింది. వెనకటి అనుమతి రద్దయి, 1915 నాటికి బడులలో, కళాశాలలలో గ్రాంథికమే తిరిగి స్థిరపడింది. ఆ ఏడు నవంబరు 30న గురజాడ మరణించారు.

ఓటమి తర్వాత: పత్రిక, సమాజం

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. జీవితంలో అధికభాగం గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షత వహించడం ఆనాటి పెద్ద విశేషం. ఆయన కూడా తెలుగు పండితుడిగా పనిచేసినవారే. మూడు నెలలు తిరగకముందే, మే 27న, ఆయన కన్నుమూశారు. అదే కాలంలో గిడుగు వారు ‘తెలుగు’ పత్రికను నడిపారు. అది ఏడాది పాటు సాగింది.

ఆ పత్రికలోని వ్యాసాలలో, ఉపన్యాసాలలో గిడుగు వారు ప్రయోగాలను పోగుచేసి, పాఠకుడి ముందు పరచి, నిర్ణయాన్ని అతనికే విడిచిపెట్టే పద్ధతిని అనుసరించారు. శాసనాలు, వ్యాఖ్యానాలు, కైఫీయతుల నుంచి వచనాన్ని సంకలించిన గద్య చింతామణి కూడా ఈ పద్ధతి ఫలమే. వాడుక రూపాలకు నిన్నటి నీచత్వం కాదు, తరతరాల చరిత్ర ఉన్నదని అది నిరూపించింది. ఇది ఉపాధ్యాయుడికి ఆత్మవిశ్వాసం కలిగించే పఠనం. అయినా ఈ రచనలు మొదటగా సమాధానం చెప్పింది పండితులకు. తరగతిలో పాఠ్యక్రమాన్ని, అభ్యాసాలను, దిద్దుబాటు నియమాలను సమకూర్చడం వాటి లక్ష్యం కాలేదు. పరీక్ష తలుపు మూసుకుపోయిన తర్వాత ఉద్యమం కథ, నవల, పత్రికా రచన, గేయం వైపు ప్రవహించింది. అక్కడ గెలిచింది. 1933లో గిడుగు సప్తతి మహోత్సవ సమయానికి యువరచయితలు ఆయన వెంట ఉన్నారు. పాఠ్యగ్రంథాలలోనూ ఉన్నత విద్యా రచనలోనూ వ్యావహారికం స్థిరపడడానికి మాత్రం ఇంకా మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

సవర బడి: నెరవేరిన పాఠం

గిడుగు వారి బోధనా దృష్టి సంపూర్ణంగా ఆచరణకు వచ్చిన చోటు తెలుగు తరగతి కాదు, సవర బడి. పర్లాకిమిడి పరిసర కొండలలోని సవరల భాషను ఆయన సవరల నోటినే విని నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో వారి పిల్లలకు బడి నడిపారు. వారి భాషలోనే, తెలుగు లిపిలో, వాచకాలు తయారుచేశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు దాన్ని తీసుకోక, సవరల కోసం బడి పెట్టమని కోరారు. సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది.

ఇక్కడ పని జరిగిన క్రమం గమనించదగినది. మొదట పిల్లవాడి భాషను వినడం, తర్వాత దానికి వాచకం, దాని వెంట బడి, చివరకు వ్యాకరణం. సవర భాషకు లిఖిత సంప్రదాయం లేకపోవడం వల్ల గ్రామ్యమన్న నింద ఎదురుకాలేదు. పండిత పరిషత్తు అడ్డుపడలేదు. అందువల్ల ఉపాధ్యాయుడిగా ఆయన నమ్మినదేమిటో ఇక్కడ నిరాటంకంగా కనిపిస్తుంది. తెలుగులో ఆయన వాదించిన దానికి ఈ బడే ఉత్తమ వ్యాఖ్యానం. సవర కృషిని గిరిజన సేవగా, తెలుగు కృషిని భాషోద్యమంగా విడదీసి చెప్పే అలవాటు ఈ ఏకసూత్రతను మరుగుపరచింది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, గ్రాంథిక వ్యావహారిక వివాదం పుట్టుకలో బోధన సమస్య. సాహిత్య సమస్య దానిలో నుంచి పెరిగింది. రెండు, 1912–13 ఉత్తర్వు నిలవకపోవడానికి పండితుల ప్రతిఘటన ఎంత కారణమో, ఆ ఉత్తర్వును ఆచరణలో పెట్టవలసిన ఉపాధ్యాయుడికి తగిన పుస్తకం లేకపోవడం కూడా అంతే గమనించవలసిన అంశం. మూడు, విద్యార్థి ఇంటి భాషను పాఠానికి ఆరంభ బిందువుగా తీసుకోవాలన్న సూత్రం శిష్టవ్యావహారిక విజయంతో ముగిసిపోలేదు.

ఈ మూడవ అంశం గతానికి మాత్రమే చెందినది కాదు. నేటి పాఠ్యపుస్తకంలోని ప్రమాణభాష ఒకప్పటి గ్రాంథికమంత దూరంగా లేకపోవచ్చు. అయినా శ్రీకాకుళం తీరంలో, పాలమూరు పల్లెలో, రాయలసీమ మెట్టలో, ఆదిలాబాదు గోండు గూడెంలో బడికి వచ్చే పిల్లలకు అది ఒకే దూరంలో లేదు. ఇంటిమాట రాసిన నోటుపుస్తకం మీద ఎర్రసిరా ఇప్పటికీ పడుతూనే ఉన్నది. ఆ మాట ఎక్కడిది, దానికి ఎంత చరిత్ర ఉన్నది, దాని నుంచి ప్రమాణభాషకు ఏ మెట్ల మీదుగా నడిపించాలి అన్నది ఉపాధ్యాయుడికి చెప్పగల పుస్తకాలు అవసరం. 1912లో అవి లేకపోవడం వల్ల ఒక ఉత్తర్వు వ్యర్థమయింది. తెలుగు శాఖలు మాండలికాలపై చేస్తున్న పరిశోధన బడిపంతులు చదవదగిన రూపంలో అతని చేతికి చేరినప్పుడే 1907లో ఒక ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్నకు తరగతి గదిలో సమాధానం దొరుకుతుంది.